గడియారాల కొట్టు నెత్తిన బాక్సింగ్

గడియారాల కొట్టు పక్కన సన్నటి మెట్లున్నాయి. ఎక్కేవాళ్ళకి దిగేవాళ్ళు ఎదురైతే ఎవరో ఒకరు గోడకి అతుక్కుపోవాల్సిందే. పైన పొడుగాటి గది. ఒకప్పుడు అట్టపెట్టెలు దాచుకున్న గోడౌను అది. చెక్క నేల మీద తెల్లరంగుతో గీసిన చదరమే రింగు. ఇనుప దూలానికి రెండు పంచింగ్ బ్యాగులు, కిటికీ ఊచలకి ఆరేసిన గ్లవ్స్, ఎంత తుడిచినా పోని చెమట వాసన.

కొత్తగా చూడ్డానికి వచ్చినవాళ్ళు కాసేపు నిలబడి, ఇక్కడ ఏదో తక్కువైందే అనుకునేవాళ్ళు. తక్కువైంది చప్పుడు. పిల్లలు చదరం చుట్టూ తిరుగుతూనే ఉండేవాళ్ళు, ఒకరి మీద ఒకరు చేతులు విసురుతూనే ఉండేవాళ్ళు, కానీ కళ్ళు మూసుకుంటే ఊపిరి తప్ప మరేమీ వినబడేది కాదు. చాలా ఏళ్ళు ఆ గది అలాగే నడిచింది.

నడిపేది కండక్టరు. ఆయన్ని ఇంటా బయటా అందరూ అలాగే పిలుస్తారు. సిటీ బస్సులో తొలి షిఫ్టు చేసి, మధ్యాహ్నం దిగి, రెండు ముద్దలు తిని, కునుకు తీసి, సాయంత్రానికి యూనిఫాం ప్యాంటు మీదే బనీను వేసుకుని గదికి వచ్చేస్తాడు. వయసులో ఉన్నప్పుడు తానూ రింగులో దిగినవాడే. ముక్కు కాస్త ఎడమకి ఒరిగి ఉండటమే అందుకు సాక్ష్యం.

గది అద్దెకి తీసుకున్న కొత్తలో అక్కడా అన్నిచోట్లా ఉండే చప్పుళ్ళే ఉండేవి. వారం తిరక్కుండానే కింద కొట్టులో కూర్చునే గడియారాలాయన, కంటికి బిగించుకున్న భూతద్దం కూడా తియ్యకుండా మెట్లెక్కి వచ్చాడు.

"ఏమండీ, పైన ఏనుగుల్ని పెంచుతున్నారా?"

"పిల్లలండీ. తాడాట ఆడుతున్నారు."

"మీ పిల్లలు ఎగిరినప్పుడల్లా నా బల్ల మీద స్క్రూలు ఎగురుతున్నాయి. వాళ్ళు కిందికి దిగుతున్నారు, అవి దిగటం లేదు."

కొట్టూ గదీ ఒకే యజమానివి. కొట్టు ఆయన తండ్రి కాలం నాటిది, గది నిన్న మొన్నటిది. మాట యజమాని దాకా వెళితే ఎవరు సామాను సర్దుకోవాలో కండక్టరుకి తెలుసు. తాళ్ళు చుట్టి అటక మీద పడేశాడు. అందరి చేతా బూట్లు విప్పించాడు. అయినా ఎవరి కాలైనా గట్టిగా పడితే, గడియారాలాయన షట్టరు లాగే కర్రతో కిందనుంచి పైకప్పు మీద పొడిచేవాడు. పొడుపు వినబడగానే, కాలు మోగించినవాడు కిందికి వెళ్ళి, బల్ల కింద పాక్కుంటూ, ఎగిరిపోయిన స్క్రూ వెతికి ఇచ్చి రావాలి. ఈ శిక్ష కండక్టరు పెట్టిందే. ఆవగింజలో సగం ఉండే స్క్రూ కోసం పిల్లలు అయస్కాంతం పట్టుకుని గచ్చంతా ఊడ్చేవాళ్ళు.

"బాక్సింగ్ వచ్చినా రాకపోయినా వీళ్ళకి నా దగ్గర ఉద్యోగం ఖాయం" అనేవాడు గడియారాలాయన.

స్క్రూలు వెతకలేక పిల్లలు కాళ్ళు మార్చుకున్నారు. మునివేళ్ళ మీద నిలబడటం, పాదం ఎత్తకుండా జరపటం, ఎదుటివాడు చెయ్యెత్తేలోపు పక్కకి జారిపోవటం వచ్చేశాయి. మొదటిసారి పోటీలకి తీసుకెళ్ళినప్పుడు కండక్టరే నోరు తెరుచుకుని చూశాడు. అవతలివాళ్ళ దెబ్బలు గాల్లో ఈతకొట్టి ఖాళీగా తిరిగొచ్చేవి. ఈ పిల్లల చెయ్యి మాత్రం ఎటునుంచో వచ్చి తాకి పోయేది. పాయింట్లన్నీ వీళ్ళవే. మిగతా కోచ్‌లు 'కండక్టరు పిల్లులు' అని పేరు పెట్టారు. ఎగతాళికే పెట్టారు గాని, తర్వాత్తర్వాత ఆ పేరు చెబితే డ్రా తీసేటప్పుడే ఎదుటివాళ్ళు మొహం ముడుచుకునేవాళ్ళు.

గెలుపులు మొదలయ్యాక మనిషికి సిద్ధాంతాలు పుట్టుకొస్తాయి. "కాలు మోపిన సంగతి నేలకి తెలియకూడదు. నేలకి తెలిస్తే ఎదుటివాడికి తెలిసినట్టే" అని కండక్టరు గోడ మీద రాయించాడు. కొత్తగా చేరినవాళ్ళ చేత అది పాఠంలా చెప్పించేవాడు. కొన్నాళ్ళకి ఆ మాట ఎక్కడ పుట్టిందో ఆయనకే గుర్తులేకుండా పోయింది. షట్టరు కర్ర చెప్పిన నియమం బాక్సింగ్ శాస్త్రమై కూర్చుంది.

ఈలోపు కింది కొట్టుకీ పై గదికీ మధ్య తగాదాలు ముదిరి ముదిరి చుట్టరికంలో పడ్డాయి. ఇద్దరూ 'బావా' అంటే 'బావా' అనుకోసాగారు. గడియారాలాయనకి మోకాళ్ళ నొప్పులు వచ్చాక, ఫిర్యాదులు మొయ్యడానికి కూతుర్ని పంపేవాడు. అప్పటికి స్కూలు పిల్ల. ఆఖరి మెట్టు మీద నిలబడి, "మావయ్యా, నాన్న ఆపమన్నాడు" అని చెప్పి దిగిపోయేది. ఒకరోజు దిగలేదు. తండ్రి మూలుగుతూ మెట్లెక్కి చూస్తే, మూలన నిలబడి గాలిని గుద్దుతోంది.

"చప్పుడు ఆపించి రమ్మంటే నువ్వు అందులో కలిసిపోయావా?"

"నేను చప్పుడు చెయ్యట్లేదు కదా నాన్నా."

నిజమే, చెయ్యట్లేదు. పుట్టినప్పటినుంచీ ఆ పైకప్పు కింద కూర్చుని, ఏ చెక్క మీద ఏ కాలు పడితే ఎలా మోగుతుందో విన్న పిల్ల. కండక్టరు తయారుచేసిన పిల్లులన్నిట్లోకీ ఆ అమ్మాయే మెత్తగా నడిచేది. పెద్దయ్యాక పొద్దున కొట్టులో తండ్రికి సాయంగా వాచీలకి బెల్టులు వేసేది, సాయంత్రం పైన ఉండేది. పోటీకి వెళ్ళి మొహం మీద గీత పడకుండా తిరిగొచ్చేది. కండక్టరు డ్యూటీలో ఉన్నప్పుడు కూడా డ్రైవరుకి ఆ అమ్మాయి గురించే చెప్పేవాడు. దిగాల్సిన స్టాపులు దాటిపోయి ప్రయాణికులు గొడవపడిన రోజులున్నాయి.

ఆ అమ్మాయి ఫైనల్లో ఓడిపోయింది.

అది మామూలు ఫైనలు కాదు. గెలిచినవాళ్ళకి పెద్ద జట్టులో చోటు. అవతల ఉన్నది నగరంలోని పెద్ద బాక్సింగ్ సెంటరు అమ్మాయి. రోడ్డు రోలరు అంటారు. ఎందుకంటే ఆ అమ్మాయి పక్కకి తప్పుకోదు, వెనక్కి వెళ్ళదు, దెబ్బలు తింటూనే ముందుకి నడుస్తుంది. మనవాళ్ళమ్మాయి చుట్టూ తిరిగింది, తాకింది, జారింది, మళ్ళీ తాకింది. రోలరు నడుస్తూనే ఉంది. మూడో రౌండుకి తిరగడానికి చోటు మిగల్లేదు. రోలరు మూలన తాళ్ళకి ఆనించి కొట్టింది.

బట్టలు మార్చుకునే గదిలో, చేతులకి చుట్టిన పట్టీలు విప్పుతూ ఆ అమ్మాయి అంది: "నేను కొట్టినవే ఎక్కువ, మావయ్యా."

"చూశాగా. జడ్జీలకి కళ్ళుండాలి."

"జడ్జీల సంగతి కాదు. నేను కొడుతున్నప్పుడు ఆ అమ్మాయి నన్ను ఎలా చూసిందో తెలుసా? స్టాపులో నిలబడి బస్సు ఎప్పుడొస్తుందా అని చూస్తాం చూడు, అలా."

కండక్టరు వారం రోజులు జడ్జీల్ని తిట్టాడు. రింగు చిన్నదన్నాడు, తాళ్ళు వదులన్నాడు. ఇంట్లో భార్య యూనిఫాం మడతపెడుతూ విన్నంతసేపు విని, చివరికి నోరు విప్పింది.

"పెళ్ళికి ముందు మా అన్నయ్య నీ ఆట చూపించడానికి తీసుకొచ్చాడు, గుర్తుందా?"

"ఎందుకు లేదు. గెలిచాను."

"గెలిచిన సంగతి ఎవడడిగాడు? నువ్వు కుడిచెయ్యి విసిరినప్పుడల్లా కింద చెక్కలు అదిరేవి. నాకు భయమేసింది, ఈ మనిషినా చేసుకోవాల్సింది అని."

"చేసుకున్నావుగా."

"చేసుకున్నా కాబట్టే అడుగుతున్నా. ఇంతమందిని తయారుచేశావు. ఒక్కరి కిందైనా చెక్క అదిరిందా?"

కండక్టరు వారపు సెలవు రోజు పొద్దున్నే, కింద కొట్టు తియ్యకముందు, ఒక్కడూ గదికి వెళ్ళాడు. బ్యాగు ముందు నిలబడి, ముందుకాలు బలంగా మోపి, వెనక పాదంతో నేలని తన్ని, కుడిచేత్తో ఒక్కటి కొట్టాడు. చెక్కలు మోగాయి. బ్యాగు నడుం దగ్గర మడత పడి, గొలుసు కిర్రుమంది. వయసు మీదపడ్డ ఒళ్ళు, అయినా మర్చిపోలేదు.

దెబ్బ భుజంలో పుట్టదు. నేలని తన్నితే అక్కడ పుట్టి, పిక్క మీదుగా తొడకి, తొడ నుంచి నడుముకి తిరిగి, చివరికి పిడికిలికి వస్తుంది. నేలకి తెలియని కాలు ఎంత వేగంగా కదిలినా, ఎదుటివాడి దవడకి కూడా తెలియదు. ఈ సంగతి కండక్టరుకి ఎవరూ చెప్పక్కర్లేదు. తన గురువు మట్టినేల మీద నిలబెట్టి నేర్పిందే. కింద కొట్టువాడు పొడుస్తాడని దాన్ని అటక మీద తాళ్ళ పక్కన పెట్టేశాడు. మిగిలిన సగానికే మొత్తం బాక్సింగ్ అని పేరు పెట్టాడు.

బూట్లు వేసుకుని కిందికి దిగేసరికి గడియారాలాయన అప్పుడే షట్టరు లేపుతున్నాడు.

"బావా, సాయంత్రం పూట ఒక గంట కావాలి."

"ఏం గంట? గోడ మీదదా, అలారందా?"

"చప్పుడు చేసుకునే గంట. నువ్వు కర్ర తియ్యకుండా ఉండాలి."

గడియారాలాయన బల్ల ముందు కూర్చుని, అలవాటుగా బిగించుకోబోయిన భూతద్దాన్ని పక్కన పెట్టాడు. "నా కర్ర వల్లే మీవాళ్ళు గెలుస్తున్నారని వీధి వీధంతా చెప్పుకున్నానయ్యా. సగం కోచ్‌ని నేనే అన్నాను. ఇప్పుడు వచ్చి కర్ర తియ్యొద్దంటే నా పరువేం కాను?"

"గెలిచింది నీ కర్ర వల్లే. మొన్న ఓడింది కూడా దానివల్లే."

"అంటే, నా పిల్ల నావల్ల ఓడిందా?"

"నీవల్ల కాదు. నీ కర్రకి జడిసినవాణ్ణి నేను. జడుపుకి గొప్ప పేరు పెట్టి గోడకెక్కించిందీ నేనే."

గడియారాలాయన తలెత్తి గోడ వైపు చూశాడు. గోడ నిండా గడియారాలు, దేని లోకం దానిదే, దేని టైము దానిదే.

"ఆ రోలరు అమ్మాయి వచ్చే ఏడు కూడా వస్తుందా?"

"వస్తుంది. జట్టులో చోటు నిలుపుకోవాలంటే ఏటా గెలవాల్సిందే."

"నా పిల్ల నిలబడి కొట్టాలంటే, నిలబడి తినాలి కూడా కదా?"

"తినాలి. ఇప్పటిదాకా తిననివి కూడా."

గడియారాలాయన బల్ల మీదున్న వాచీని వెల్లకిలా తిప్పి, మళ్ళీ బోర్లా తిప్పాడు. "దానికి చెప్పావా?"

"ఇందాక పైనుంచే ఫోన్ చేసి చెప్పాను. నాన్న ఒప్పుకుంటేగా అంది."

"అలా అందా? నన్ను ఎప్పుడు అడిగిందని, ఇప్పుడు అడగటానికి. సరే. సన్నపని పొద్దున ముగించుకుంటా. సాయంత్రం బ్యాటరీలూ బెల్టులూ. మీరు పైన కొంప కూల్చుకోండి."

అనుమతి దొరికింది గాని కాళ్ళు మాట వినలేదు. అన్నేళ్ళు మెత్తగా నడిచిన పాదం గట్టిగా పడమంటే పడదు. నేలకి జానెడు ఎత్తులో అనుమానపడి ఆగేది. పొరపాటున చప్పుడైతే ఆ అమ్మాయి వెంటనే కిందికి చూసేది, పెళ్ళివారి ముందు గిన్నె జారవిడిచినదానిలా. మిగతా పిల్లలు నవ్వేవాళ్ళు. వాళ్ళని కొట్టమంటే వాళ్ళదీ అదే అవస్థ. కండక్టరు పంచ్‌లు మానిపించి, కొన్నాళ్ళు ఉత్త కాళ్ళే నేలకేసి కొట్టించాడు.

ఒకరోజు అందరూ తంటాలు పడుతుండగా కిందనుంచి టక్ టక్‌మని కర్ర పొడుపు వినబడింది. గదిలో అందరూ ఎక్కడివాళ్ళక్కడ బిగుసుకుపోయారు. అమ్మాయి కిందికి పరిగెత్తింది.

"ఏమైంది నాన్నా? ఈ గంట మాదే కదా."

"మీదే. ఏమీ వినబడటం లేదని పొడిచాను. పైన నిద్రపోతున్నారా?"

ఆ రోజు నుంచి పైన చప్పుడు తగ్గినప్పుడల్లా కర్ర అడిగేది. పిల్లలకి కోపమొచ్చి మరింత గట్టిగా తొక్కేవాళ్ళు. సున్నం పెళ్ళలు రాలి తన టీ గ్లాసులో పడుతున్నాయని గడియారాలాయన సణిగేవాడు గాని, ఆపమని మాత్రం అనలేదు.

కాలు కుదిరాక ఇంకో బొక్క బయటపడింది. నిలబడినప్పుడు మొహం ఎలా కాచుకోవాలో ఆ అమ్మాయికి తెలియదు. ఎప్పుడూ అవసరం పడితే కదా! కాళ్ళే తప్పించేస్తుంటే చేతులు నడుం దగ్గర ఊరికే వేలాడేవి. గుండ్రంగా గీత గీసి, అందులోంచి కదలొద్దని నిలబెడితే, తనకన్నా చిన్నవాళ్ళ చేతుల్లోనే ముక్కు పగిలింది. కండక్టరు దూది పెడుతూ, తన పిల్లులందరికీ చేతులు ఎందుకు కిందికి ఉంటాయో అప్పుడు గమనించాడు. మంచి కాళ్ళిచ్చి, ఆ కాళ్ళ చాటున చేతుల్ని సోమరుల్ని చేశాడు.

"నొప్పిగా ఉందా?"

"ఉంది. కానీ మావయ్యా, ఇప్పుడు కొడితే నా భుజం దాకా తెలుస్తోంది."

"తెలియాలి. నీకు తెలిస్తేనే అవతలికీ తెలుస్తుంది."

మళ్ళీ ఏడాది ఫైనల్లో ఆ ఇద్దరే మిగిలారు. గడియారాలాయన రానన్నాడు. "నా కూతుర్ని కొడుతుంటే, ఈలలు వేసేవాళ్ళ పక్కన కూర్చుని చూడమంటావా? ఫోన్ చెయ్యి" అన్నాడు.

మొదటి రౌండు పాత ఆటే నడిచింది. మనమ్మాయి తిరిగింది, తాకింది. రోలరు నడిచింది. రెండో రౌండులో మనమ్మాయి నిలబడటం మొదలుపెట్టింది. అది తప్పయింది. గదిలో నేర్చుకున్నట్టే ఒకేచోట, ఒకే దూరంలో ఆగుతోంది. ఆ చోటు రోలరుకి చప్పున అర్థమైపోయింది. ఆగినప్పుడల్లా కొట్టింది. ముక్కులోంచి రక్తం కారింది. జడ్జీల దృష్టిలో రౌండు అటు వెళ్ళిపోయిందని కండక్టరుకి ఎవరూ చెప్పక్కర్లేదు.

స్టూలు మీద కూర్చున్న అమ్మాయికి నీళ్ళు పట్టిస్తూ వంగాడు.

"నిలబడితే కొడుతోంది, మావయ్యా."

"కొడుతుంది. నువ్వు చెప్పి నిలబడుతున్నావు."

"మరి కదిలిపోనా?"

"కదులు. నీకు వచ్చిన పనే చెయ్యి. మధ్యలో ఎక్కడ ఆగాలో నీ కాళ్ళే చూసుకుంటాయి. నన్ను అడగకు. నాకు సగమే తెలుసు, మిగతాది ఇప్పుడు నీ దగ్గరుంది."

అమ్మాయి ఆయన మొహంలోకి ఒకసారి చూసి, పళ్ళ మీద రబ్బరు తొడుగు బిగించుకుని లేచింది.

మూడో రౌండు సగం దాకా పిల్లి నడకే. రోలరు చేతులు కాస్త దించి, ఈ తాకుళ్ళు తనకి తెలిసినవే అన్నట్టు దగ్గరికి వస్తోంది. పక్కకి జారాల్సిన మనమ్మాయి జారలేదు. జారుతున్నట్టే ఉండి, అడుగు అక్కడే దిగేసింది. రింగు చెక్కలు ధన్‌మన్నాయి. కుడిచెయ్యి నేరుగా వెళ్ళింది.

రోలరు పడలేదు, ఆగింది. ఎన్నో పోటీల్లో చూసినవాళ్ళు కూడా ఆ అమ్మాయి ఆగటం చూడలేదు. కళ్ళు పెద్దవి చేసి ఎదురుగా ఉన్న మనిషిని కొత్తగా చూసింది. తర్వాత వేసిన అడుగు వెనక్కి వేసింది. అక్కణ్ణించి ప్రతి అడుగుకీ ముందు ఆలోచించసాగింది. ఆలోచిస్తూ నడిచేది రోలరు కాదు. ఎదుటి కాలు కదిలేది ఎప్పుడో, ఆగేది ఎప్పుడో పట్టుకోలేక తికమకపడింది. మనమ్మాయి ఇంకో రెండుసార్లు ఆగింది. రెండుసార్లూ వెనక వరసలవాళ్ళకి కూడా చప్పుడు వినబడింది.

తీర్పు చెప్పి, రిఫరీ చెయ్యెత్తింది మనమ్మాయిదే. జడ్జీలందరూ ఒకే మాట మీద లేరు, అయినా ఎక్కువమంది ఇటే.

పెద్ద సెంటరు కోచ్ దగ్గరికొచ్చి చెయ్యి కలిపాడు. "మీవాళ్ళు కొట్టరు కదండీ?" అన్నాడు.

"ఇన్నాళ్ళూ నేను కొట్టనివ్వలేదండీ" అన్నాడు కండక్టరు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన తల దించుకోలేదు. అంత ఓటమి చూశాక, అంత వయసులో, చేతిలో ఉన్న గెలిచే పద్ధతిని విప్పి మళ్ళీ కుట్టిన దర్జీ ఆయన. దించుకోవాల్సిన పనిలేదు.

ఫోన్ చేస్తే గడియారాలాయన గెలిచిందా అని అడగలేదు.

"ముక్కు ఎలా ఉంది?"

"వాచింది బావా. విరగలేదు."

"అవతలమ్మాయిదో?"

"అదీ వాచింది."

"సరే అయితే" అని ఫోన్ పెట్టేశాడు. ఆ సాయంత్రం కొట్టుకి వచ్చినవాళ్ళందరికీ కూతురి సంగతి చెప్పి, ఒక్క వాచీ కూడా బాగుచెయ్యకుండా పంపేశాడని తర్వాత తెలిసింది.

కండక్టరు గోడ మీద రాత చెరపలేదు. కొత్త పిల్లలు చదివి అడిగితే, "అది సగం. మిగతా సగం ఆర్నెల్లయ్యాక చెప్తా" అంటాడు. చేర్పించడానికి వచ్చిన తల్లిదండ్రులకి ముందే చెప్పేస్తున్నాడు: నా దగ్గర కాళ్ళు త్వరగా వస్తాయి, చేతులు నెమ్మదిగా వస్తాయి, కాచుకోవటం అన్నిటికన్నా ఆఖర్న వస్తుంది, అది నా లోపం, కనిపెట్టి ఉండండి అని. అలా చెప్పే కోచ్‌ని ఎక్కడా చూడలేదని వాళ్ళు వెళ్ళి నలుగురికీ చెప్పారేమో, గదిలో ఇప్పుడు చోటు చాలటం లేదు.

జట్టు శిబిరానికి వెళ్ళే రోజు అమ్మాయి బ్యాగు భుజానికి తగిలించుకుని గదికి వచ్చింది. తండ్రి కింద ఆటో మాట్లాడుతున్నాడు.

"అక్కడ అంతా కొత్తగా నేర్పుతారట మావయ్యా. నిలబడే తీరు కూడా మార్చేస్తారని చెప్తున్నారు."

"మార్చనీ."

"నీకేమీ అనిపించదా?"

"ఎందుకనిపించదు? రెండు రోజులు అన్నం సహించలేదు, మీ అత్తనడుగు. కానీ నేను చూడలేనిది వాళ్ళ కంటికి ఆనుతుంది. వాళ్ళకీ ఏదో ఒకటి ఆనదు, అది ఇంకొకడు చూస్తాడు. ఎవరేం నేర్పినా కాదనకు, నేర్చుకో."

అమ్మాయి తలూపి మెట్ల దాకా వెళ్ళింది. ఆయన వెనకాలే వచ్చి, బ్యాగు పట్టీ సరిచేశాడు.

"కాళ్ళ జోలికి వస్తే మాత్రం, ముందు నాకు ఫోన్ చెయ్యమను."